చెవులకు గడి లేదు

ప్రొద్దుటూరులో ఎక్కిన పల్లెవెలుగు బస్సు జమ్మలమడుగు బస్టాండులో ఆగి పావుగంట దాటింది. డ్రైవరు టీకి పోయినవాడు పోయినట్టే ఉన్నాడు, పులివెందులలో సభ పన్నెండింటికి, వాచీలో పదిన్నర కావస్తోంది, అయినా యశోదకు కంగారు లేదు, ఇరవై రెండేళ్లు ఓపిక పట్టిన మనిషికి పావుగంట ఏపాటి. చేతిలో సున్నా టికెట్ ఉంది, ఆడవాళ్లకు ఉచితం. ఉచితమనేది లోకంలో ఏదీ లేదు, ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట కడుతూనే ఉంటారని మొన్ననే కాలేజీ స్టాఫ్ రూములో గొంతు చించుకుని వాదించింది, ఆ వాదన ఆయనదే, వాదన ముగించి కళ్లద్దాలు పైకి తోసుకోవడమూ ఆయనదే, ఆయన లేని అలవాటు తనకు ఒక్కటైనా మిగిలిందా అని చూసుకుంటే ఒళ్లు మండిపోతోంది. ఆయనంటే నారాయణ సారు. యూనివర్సిటీలో ఆమెకు ఎకనామిక్స్ చెప్పి, దగ్గరుండి పీహెచ్‌డీ చేయించి, ఈ పొద్దు ఆమె ప్రొద్దుటూరులో అదే పాఠం చెప్పుకుని బతికేలా చేసినవాడు. రాజుపాలెం పక్క భూములున్న ఇంటి బిడ్డ, కమిటీల్లో కూర్చున్నవాడు, పుస్తకాలు రాసినవాడు. ఆయనకు డెబ్బై అయిదు నిండాయని పులివెందులలో సన్మానం పెట్టారు, కార్డులో 'ప్రియశిష్యురాలు డాక్టర్ యశోద ప్రసంగం' అని వేశారు. వెయ్యనీ. అంతమంది ముందర, అదే మైకులో, ఆ పెద్దమనిషి ముక్కు నేలకు రాయించాలి. దానికి కావలసిన కాగితం ఒళ్లో సంచిలో ఉంది, చేత్తో తడిమి చూసుకుంది, ఉంది.

కిటికీలోంచి ఎవరో తువ్వాలు విసిరితే వచ్చి పక్క సీట్లో పడింది, కాసేపటికి తువ్వాలు గలావిడ ఎక్కి, ఆయాసపడుతూ కూర్చుని, పేరు సుబ్బరత్నమ్మ అనీ, తొండూరులో కూతురింటికి అనీ, అడక్కుండానే చెప్పింది. తువ్వాలు వేస్తే సీటు తనదైపోయింది, ఎవరూ కాదనలేదు, రాతకోతల్లేవు, కాపలా లేదు, దీన్ని ఏ పాఠంలో చెప్పాలి సారూ, తువ్వాలుకు మర్యాద ఇచ్చే జనం ఊరుమ్మడి గుట్టకు మర్యాద ఇవ్వలేరని ఎట్లా రాశారు. బోర్డు కళ్ల ముందుకు వచ్చింది. ఎమ్మే మొదటి ఏడు, సారు సుద్దముక్కతో ఒక గీత గీసి, ఇది ఊరుమ్మడి బీడు, ఎవడి సొంతమూ కాదు, ఇందులో కాపరి ఇంకో గొర్రెను దించితే లాభమంతా వాడికే, గడ్డి నష్టం మాత్రం అందరికీ, కాబట్టి ప్రతివాడూ ఇంకోటి, ఇంకోటి దించుతాడు, బీడు నాశనమవుతుంది అన్నాడు. అని ఊరుకోలేదు. యశోదా, మీ నాన్న గొర్రెలు కాస్తాడు కదా, రామ్మా, ఆయన ఇంకో గొర్రె దించితే ఏమవుతుందో నువ్వే గియ్యి. క్లాసంతా నవ్వింది. ఆమె గీసింది, వంకరగా గీసింది, గీసి, మా నాయన అట్ల చెయ్యడు సార్ అంది. సారు సుద్దముక్కతో బోర్డు మీద రెండుసార్లు టక్ టక్ అని కొట్టాడు. డేటా ఉందా? మళ్లీ నవ్వులు. ఆ పొద్దు చెంపలు కాలినట్టయింది, ఇప్పుడూ అట్లానే ఉంది.

డ్రైవరు వచ్చాడు, బస్సు కదిలింది, పెన్న మీద వంతెన, కింద ఇసుక, ఒక పక్కగా సన్నటి నీళ్లు. తేవాలి, డేటా తెచ్చి ఆయన మొహాన కొట్టాలి అనుకునే పరిశోధనకు చేరింది, ఎవరూ నమ్మరు గానీ ఆమె చదువంతా నాయన పరువు కోసం మొదలైందే. ఊళ్లో పది కాపరుల ఇళ్లు, మూడు గుట్టలు. ఒక ఏడు ఒక గుట్ట మీదే మేపుతారు, మిగిలిన రెండింటి మీదా ఒక్క గొర్రె కాలు పెట్టదు, గడ్డి తేరుకుంటుంది. పది ఇళ్ల గొర్రెలూ ఒకటే మందగా కలిపి, ఆ ఏడు ఎవరి వంతయితే వాళ్ల దొడ్లోకి తోలుతారు. ఎవరి గొర్రె ఏదో చెవి చూస్తే తెలుస్తుంది. నాయన పేరు చిన్నన్న, ఆయన గుర్తు ఎడమ చెవి కొనకు చీలిక, రామాంజులు మామవాళ్లది కుడిచెవికి రెండు గాట్లు, ఇంకొకరిది నడిమధ్య చిల్లు. నడక రాకముందే ఆమెకు ఈ చెవులు తెలుసు. తెలిసీ, యూనివర్సిటీ ఫారం చేతబట్టుకుని సొంతింటికి పోయింది, మంచమ్మీద కూర్చుంది, అమ్మ సంగటి ముద్ద తెచ్చి పెడితే, సర్వే అయ్యేంతవరకు జవాబు చెప్పేవాళ్లింట్లో తినకూడదంది, అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పరిశోధకుడు పరాయివాడుగా ఉండాలి, తెలిసింది రాయకూడదు, కనిపించింది రాయాలి, ఇది సారు నేర్పిన మొదటి సూత్రం, సొంతింటికి పరాయిదాన్నయ్యానని ఆ పొద్దు ఆమెకు ఎంత గర్వమో. ఆ ఏడు వంతు నాయనదే, దొడ్లో తలలు లెక్కబెట్టింది, నూటాపద్దెనిమిది. 'ఈ కుటుంబం దగ్గరున్న గొర్రెలు' అన్న గడిలో నూటాపద్దెనిమిది అని రాసింది. నాయన దడికి ఆనుకుని, అన్నీ మనవి కాదు కద మ్మా, చెవులు చూసి రాయి అన్నాడు. చెవులకు గడి లేదు నాయనా అని, చదువుకున్నదాని నవ్వు ఒకటి నవ్వింది.

సంచిలో ఉన్నది ఆ ఫారమే, మడతల దగ్గర చిరుగు పట్టింది. అంతకు అయిదేళ్ల ముందు పశువుల లెక్కకు వచ్చిన గుమాస్తా నాయన్ని అడిగి ముప్పై నాలుగని రాసుకుని పోయాడు, ఆయనకు ఏ సూత్రాలూ తెలియవు పాపం, సరిగ్గా రాశాడు. సారు ఆ ముప్పై నాలుగును, ఈ నూటాపద్దెనిమిదిని పక్కపక్కన పెట్టుకుని కుర్చీలోంచి లేచాడు. అద్భుతం యశోదా! అయిదేళ్లలో మూడు రెట్లు దాటించాడు మీ నాన్న, పుస్తకంలో చెప్పింది చెప్పినట్టు! నాయన మంద ఒక్క గొర్రె కూడా పెరగలేదు. అప్పుడూ ముప్పై నాలుగే, ఇప్పుడూ ముప్పై నాలుగే. వారం నిద్రపట్టక మళ్లీ పోయి చెప్పింది, సార్, అవి పది ఇళ్లవి, రెండు గుట్టలు ఖాళీగా పెట్టి మేపుతారు, చెవులు చూడాలి సార్. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన హాయిగా నవ్వాడు. గడ్డి తినేది చెవులు కాదమ్మా, నోళ్లు. నోరెవరిదైతే ఏం? ఇక ఆ రెండు గుట్టలూ అంటావా, అవి మన శాంపిల్‌లో లేవు. కావాలంటే మళ్లీ మొదట్నుంచి చెయ్యి, ఇంకో ఏడాది పడుతుంది, నీ ఇష్టం. అంతే అన్నాడు. నీ ఇష్టం అన్నాడు. ఆమె ఆ గదిలో నిలబడే లెక్క వేసుకుంది, ఏడాది పోతే ఏం పోతుంది, ఉంటే ఏం వస్తుంది, అచ్చం ఆయన నేర్పినట్టే వేసుకుని, ఆయనతోపాటు నవ్వి, బయటికి వచ్చింది. ఆ నవ్వుకు ఆయన్ని క్షమించదు. తనను తాను కూడా క్షమించుకోదు, కానీ తన సంగతి తర్వాత.

ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చాలాసేపు కిటికీతోపాటే వచ్చాయి. సారు పుస్తకం వచ్చింది, నాలుగో అధ్యాయం వాళ్ల ఊరే, పుస్తకం పట్టుకుని ఆయన ఒక కమిటీలో కూర్చున్నాడు, ఊరుమ్మడి గుట్టలు విడి మనుషుల చేతికి లీజుకిస్తేనే బాగుపడతాయని కమిటీ రాసింది, మూడు గుట్టల చుట్టూ ముళ్లకంచె లేచింది. గొర్రెలు సంతకు పోయాయి. ఇప్పుడక్కడ కింది వాలంతా చీనీ బత్తాయి తోట, బోర్లు, ఆ తోటకు కాపలా ఎవరయ్యా అంటే చిన్నన్న, ఆమె నాయన, తను మేపిన గుట్ట కింద తను కర్ర పట్టుకుని, గొర్రెలు రాకుండా చూస్తాడు. ఇంత అన్యాయాన్ని రాసిపెట్టడానికి ఏ పుస్తకంలోనూ అధ్యాయం లేదు. గుట్ట ఎట్లా పోయిందో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. ఎవడో లోపలివాడే ఆఫీసులో లెక్క చెప్పి ఉంటాడనుకున్నారు. కంచె పడే ముందు రామాంజులు మామ రెండుసార్లు పులివెందుల ఆఫీసులకు తిరిగాడు, నిజానికి కొడుకు కులం సర్టిఫికెట్ కోసం తిరిగాడు, కానీ నాయన మనసులో అది నాటుకుంది. సొంత బామ్మర్దితో మాట మానేశాడు. అమ్మ తమ్ముడింటికి పోకుండా చేశాడు. ఎదురుపడితే తుపుక్కున ఉమ్మి పక్కకు తిరిగేవాడు. పోయిన ఏడు మామ చచ్చిపోతే పాడె పట్టలేదు, తోటలోనే కూర్చున్నాడు. ఇదంతా యశోదకు తెలుసు. తెలిసి ఎన్ని పండగలకు ఆ ఇంట్లో కూర్చుని అన్నం తిని, నోరెత్తకుండా ప్రొద్దుటూరు బస్సెక్కి వచ్చిందో.

"ఏంది పాపా, కిటికీ కమ్మి నలిపేస్తాండావు?" అంది సుబ్బరత్నమ్మ. "ఎవరిమీద కోపం?"

"చదువు చెప్పిన సారు మీద," అంది యశోద, అనుకోకుండా.

"అట్లనా. కొట్నాడా?"

"లేదక్కా. మెచ్చుకున్నాడు."

సుబ్బరత్నమ్మకు అర్థం కాలేదు, కాకపోయినా తల ఊపి, సంచిలోంచి ఒక అరటిపండు తీసి చేతిలో పెట్టింది, యశోద వెంటనే, ఈమె తనకెందుకు ఇస్తోంది, దిగేటప్పుడు మూట దించమంటుందేమో అనుకుంది. ఇదీ సారు పెట్టిన రోగమే. ఎవరైనా ఏదైనా ఇస్తే వెనకాల కారణం వెతకడం. అమ్మ పోయినప్పుడు కాలేజీకి మూడు రోజులే సెలవు పెట్టింది, నాలుగో రోజునుంచి ఉండి కొత్తగా చేసేదేముందని, మూడో రోజు ఏడుపుకే మొదటి రోజు బరువు లేదు కదా అని, అట్లా ఆలోచించి పెట్టింది, అప్పుడు అది తెలివిగానే అనిపించింది, ఊళ్లో ఆడవాళ్లు మాత్రం ఆమె బస్సెక్కుతుంటే అదోలా చూశారు. ఇదంతా కూడా ఎట్లాగో మింగింది. మింగలేనిది పోయిన నెల జరిగింది. డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో అదే బోర్డు, అదే గీత, ఇంకో గొర్రె. పెండ్లిమర్రి పక్కనుంచి వచ్చే అమూల్య అనే పిల్ల లేచి, మా ఊర్లో చెరువు చేపలు ఎవరూ అట్ల పట్టరు మేడమ్, వంతులుంటాయి అంది. యశోద చెయ్యి దానంతట అదే లేచింది. సుద్దముక్క బోర్డు మీద రెండుసార్లు టక్ టక్ అంది. డేటా ఉందా? క్లాసు నవ్వింది. అమూల్య కూర్చుంది, మళ్లీ ఆ పిల్ల ఇంతవరకు క్లాసులో నోరు విప్పలేదు. ఆ సాయంత్రం యశోద ఇంటికి పోయి పాత పెట్టె తెరిచి ఈ ఫారం బయటికి తీసింది, సన్మానం కార్డు రెండు వారాలకు వచ్చింది, అదను రానే వచ్చింది కదా అనుకుంది.

ఇప్పుడు అడ్డం ఒకటే. మైకులో సారు బండారం బయటపెట్టాలంటే నూటాపద్దెనిమిదిని బయటపెట్టాలి, అది బయటపడితే రాసింది ఎవరు అన్న మాట వస్తుంది. రాసింది చిన్నన్న కూతురు. నాయన సభలోనే ఉంటాడు. నాలుగో అధ్యాయంలో కాపరి ఈయనే అని చూపించడానికి సారు మనుషులే పిలిచారు, మా పాపకు చదువు చెప్పిన సారంట అని ఆయన సంబరంగా ఒప్పుకున్నాడు. మొదట యశోద ఇదీ లెక్కలోనే వేసుకుంది, నాయన ఎదుట జరిగితేనే దెబ్బ గట్టిగా తగులుతుందని, ముసలి కాపరి కళ్లనీళ్లు పెడితే హాలంతా సారుమీద తిరగబడుతుందని. తొండూరు ముందర అరటితోటలు మొదలయ్యాయి, ఆకుల మీద ఎండ తళతళమంటోంది, ఉన్నట్టుండి ఆమెకు తను చేస్తున్నదేమిటో కనిపించింది. నాయన్ని లేపి బోర్డు దగ్గర నిలబెడుతోంది. సారు చేసిందే చేస్తోంది, ఇంకోసారి, ఈసారి మనుషులు ఎక్కువ. పగ తీర్చుకోవడంలో కూడా ఆయనకు మంచి శిష్యురాలే. వద్దు అనుకుంది. పగ వద్దని కాదు, పగ కావాలి, ఈ పొద్దే కావాలి, కానీ నాయనకు ముందే తెలియాలి, ఆయన ఆ కుర్చీలో తెలిసి కూర్చోవాలి. తొండూరులో సుబ్బరత్నమ్మ తన మూట తనే ఎత్తుకుని, పోయొస్తా పాపా అని దిగిపోయింది. యశోద ఫోను తీసింది.

"యాడున్నావు మ్మా?" నాయన గట్టిగా అరుస్తున్నాడు, వెనకాల ఎవరో మైకు సరిచూస్తున్నారు. "నేను జీపులో వచ్చినా. ముందు వరసలో కుర్చీ ఏసినారు. కొత్త గొంగడి కప్పినారు నాకు. చెమట్లు పోస్తాండాయి, తీస్తానంటే ఫోటో అయ్యేదాంక ఉండనీ అంటాండారు."

"నాయనా, ఒక మాట చెప్తా. బయటికి రా."

చెప్పింది. బస్సు శబ్దంలో, ముందు సీటువాళ్లు తిరిగి చూస్తుంటే, ఫారం దగ్గర్నుంచి కంచె దాకా చెప్పింది, సారు ఏమన్నాడో, తను నవ్వడం కూడా దాచకుండా చెప్పింది. గుట్ట పోయింది నా రాతవల్ల నాయనా, మామ ఏమీ చెయ్యలేదు అని చెప్పి ఆగింది.

"నేను చెప్తి గదా," అన్నాడు నాయన. "చెవులు చూడు మ్మా అని."

"చెప్పినావు."

"ముప్పై నాలుగు మనవి. మీ మామవి ఇరవై రెండు, అందులో ఒగదానికి కుడి చెవి కుక్క కొరికింది, గాట్లు కనపడవు, అది గూడా వానిదే." మిగతా ఇళ్ల లెక్కకు పోలేదు. "వాని పాడె పట్టల్యా నేను. మీయమ్మ కాళ్లు పట్టుకుంటే గూడా వాని గడప తొక్కనియ్యల్యా. నువ్వు చూస్తానే ఉంటివి."

"చూస్తానే ఉంటి నాయనా."

"శానా తప్పు చేస్తివి. అది ఇంట్లో మాట్లాడదాం, ఈడ కాదు." వెనకాల మైకులో ఎవరో హలో హలో అంటున్నారు. "మైకు ఇస్తారు గదా నీకు? అందరి ముందర చెప్పు. ఫస్టు నీ పేరు చెప్పు. తర్వాత మీ మామ పేరు చెప్పు, వాడు చెయ్యల్యా అని. ఆ సారు పేరు ఆఖర్న చెప్పు. వరస తప్పినావంటే నేనే లేచి చెప్తా."

ఓదారుస్తాడని ఆమె అనుకోలేదు, అనుకోలేదని తనకు తానే చెప్పుకుంది గానీ, కళ్లు ఎందుకో మసకయ్యాయి. పులివెందుల బస్టాండులో దిగి, ఆటోలో హాలుకు పోయేసరికి పూలదండలు అయిపోయాయి, వక్తలు ముగ్గురు అయిపోయారు. వేదిక మీద పెద్ద కుర్చీలో నారాయణ సారు, జుట్టంతా తెల్లబడింది, నవ్వు మాత్రం అదే, ఆమెను చూసి చెయ్యెత్తి పక్కవాళ్లకు చూపించాడు. ముందు వరసలో నాయన గొంగడి లేకుండా కూర్చున్నాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పక్క కుర్చీలో పెట్టాడు, అందులో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. ఆమెకేసి చూడలేదు. ప్రియశిష్యురాలు అని పేరు పిలిచారు, చప్పట్లు కొట్టారు, మెట్లు నాలుగే, మైకు చల్లగా తగిలింది. సంచిలోంచి ఫారం తీసి బల్లమీద పరిచి, చిరుగు మీద వేలు పెట్టింది.

"నా పేరు యశోద. ఈ చిన్నన్న బిడ్డను. మా ఊరి గుట్టలు పోయేటట్టు దొంగలెక్క రాసింది నేనే." ముందు వరస వైపు తిరిగింది. "మా మామ రామాంజులు రాయించినాడనుకున్నారు. ఆయన ఏ పాపమూ ఎరగడు. ఆయన చచ్చిపోయినాడు. ఆయన ఇంటోళ్లు ఎవరన్నా ఈడుంటే, మా తప్పు."

నాయన చెయ్యి పక్క కుర్చీలోని గొంగడి మీద పడింది, అక్కడే ఉండిపోయింది. సారు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. శిష్యురాలు వినయం కొద్దీ చిన్ననాటి పొరపాటేదో ఒప్పుకుంటోంది అనుకున్నాడేమో, మెచ్చుకోలుగా తల ఆడిస్తూ, కుర్చీ చేతిమీద వేలితో టక్ టక్ అని రెండుసార్లు కొట్టాడు.

"డేటా ఉంది సార్," అంది యశోద, ఆయన వైపు తిరిగి.

మూడో పేరు నోట్లోనే ఉంది. ఆమె తొందరపడలేదు. ఇరవై రెండేళ్లు ఆగింది, ఆ నవ్వు పూర్తిగా పోయేంతవరకు కూడా ఆగుతుంది.